ఒంటిచెయ్యి కుర్చీ: మూడు బొమ్మల్లో అసలు ఏది?

పోయినవారం గానుగని కంప్యూటర్ ముందు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నదాన్ని అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఆ చెయ్యి దించే లోపల కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేస్తాను.

చెక్క సామాను చేసి అమ్మే పెద్ద కంపెనీ అది. వాళ్ళ సైట్ తెరుచుకోవాలంటే పదకొండు సెకన్లు పడుతుంది. అందులో ఫొటోలు అంత బరువు. పదకొండు సెకన్లంటే ఈ రోజుల్లో మనిషి విసుక్కుని, తిట్టుకుని, పక్క దుకాణం గడప తొక్కేసే టైము. ఆ బరువు దించడానికి పెట్టుకున్న పిల్ల గానుగ. అసలు పేరు వేరే ఉంది గానీ ఆఫీసులో దాని అవసరం ఎవరికీ పడలేదు. తొమ్మిది ఎంబీల ఫొటోని నూటఎనభై కేబీలకి పిండేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, తేడా చెప్పండి చూద్దాం అంటుంది. ఎవరూ చెప్పలేరు. అందుకని గానుగ.

మూడు నెలల కిందట ఆమె ఇక్కడ చేరింది జీతానికి కాదు, పగకి. ఈ కంపెనీకి అంత పేరు తెచ్చిన ఒంటిచెయ్యి కుర్చీని చేసింది వాళ్ళ నాన్న. ఒకవైపే చెయ్యి, రెండోవైపు ఖాళీ. ఎనిమిదేళ్ళ కిందట యజమానురాలి అల్లుడు ఆ కుర్చీ తన బుర్రలో పుట్టిందని చెప్పి బహుమతి పుచ్చుకున్నాడు. చేసిన వడ్రంగిని మాత్రం నమూనా దొంగ అని నలుగురిలో నిలబెట్టి గెంటించాడు. ఆ వడ్రంగి కూతురే ఈ గానుగ అన్న సంగతి ఆఫీసులో ఏ ఒక్కరికీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ కుర్చీ ఫొటోని పిండబోతూ, దీనికింత బరువెందుకా అని గానుగ దాని కడుపులోకి చూసింది. అక్కడ ఇంకో బొమ్మ దొరికింది, గోరంత బొమ్మ. కెమెరా తీసిన ప్రతి ఫొటో లోపలా దానిదే బుల్లి నకలు ఒకటి దాచి ఉంటుంది, బస్తా పైన మచ్చుకి పెట్టిన పిడికెడు గింజల్లాగా. ఎనిమిదేళ్ళ కిందట పెద్ద ఫొటోని కత్తిరించినవాడు ఈ నకలు ఒకటుందని ఎరగడు. పెద్ద ఫొటోలో తెల్లగోడ ముందు కుర్చీ ఒక్కటే ఉంది. గోరంత బొమ్మలో కుర్చీ పక్కన ఒక మనిషి కూడా ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి, కుర్చీ చేతిమీద తన చెయ్యి ఆనించి, కన్నబిడ్డని బడికి పంపుతూ నిలబడ్డట్టు నిలబడ్డాడు.

నాన్న.

ఇక చిక్కు ఎక్కడంటే, ఫొటోని పిండేటప్పుడు ముందుగా పారేసేది ఈ కడుపులో సరుకునే. తెర మీద కనపడదు కనుక అది బరువు చేటు. సోమవారం సాయంత్రం ఐదింటికల్లా నాలుగొందల ఫొటోలూ పిండి సైట్‌లో పెట్టాలి, పాతవన్నీ తుడిచెయ్యాలి అని అల్లుడుగారి ఆర్డరు. నాన్నకి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కూతురి చేత్తోనే తుడిపిస్తున్నారన్నమాట.

దించుకుని ఇంట్లో దాచుకోవచ్చుగా అంటారు మీరు. సైట్‌లోంచి ఎవరైనా దించుకోవచ్చు, ఆమె కూడా దించుకుంది. కానీ రేపు బయటపెడితే, "నువ్వే అతికించి తెచ్చావు" అంటాడు అల్లుడు. దొంగ సొమ్ము దొంగ ఇంట్లో దొరకాలి. అప్పుడే పది మందీ నమ్ముతారు.

సరే, ఇప్పుడు ఆదివారంలోకి రండి.

*

నాన్న బస్సు డిపోలో టైర్లకి గాలి కొడతాడు. చెక్క వాసన తగలని ఉద్యోగం ఏదైనా సరే అని వెతుక్కుని మరీ చేరాడు. ఉలి, రంపం, చిత్రిక అన్నీ గోనెసంచిలో కట్టి మంచం కింద తోసేసి ఎనిమిదేళ్ళు. ఆ మంచం కిర్రుమంటున్నా బిగించడు.

ఆ పొద్దున గుమ్మం మెట్టు మీద కూర్చుని చెప్పు తెగితే కుట్టుకుంటున్నాడు. గానుగ లాప్‌టాప్ తెచ్చి పక్కన కూలబడింది. గోరంత బొమ్మ సంగతి చెప్పలేదు. చెబితే, "పోనీలేవే, వాడి పాపాన వాడే పోతాడు" అంటాడు. ఆ మాట వింటే గానుగకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాడి పాపాన వాడు పోవడానికి ఎనిమిదేళ్ళు టైమిచ్చారు. పోలేదు సరికదా, బుగ్గలు వచ్చాయి.

"నాన్నా, ఒక్క నిమిషం. ఈ రెండు బొమ్మల్లో తేడా ఏమన్నా ఉందేమో చూడు."

"కంప్యూటర్ల సంగతి నాకెందుకే?"

"కంప్యూటర్ని చూడొద్దు. కుర్చీని చూడు."

సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. ఎనిమిదేళ్ళ తర్వాత చూస్తున్నాడు దాన్ని. కాసేపు కుర్చీని చూశాడు, తర్వాత కూతుర్ని చూశాడు.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"సైట్‌లో ఉంది. ఎవరైనా చూడొచ్చు. నా పని తెలుసుగా నీకు, ఫొటోలు పిండటం. తడిబట్ట పిండినట్టే. నీళ్ళు పోవాలి, నేత చిరక్కూడదు. ఒకటి పిండకముందుది, ఒకటి పిండాక. నేత చిరిగిందో లేదో చెప్పు చాలు."

ఆమె ఎక్కడ పనిచేస్తోందో ఆయనకి తెలియదు. అడగలేదు. అడిగే అలవాటే పోయింది ఆ మనిషికి.

కళ్ళజోడు తెచ్చుకోవడానికి కూడా లేవలేదు. లాప్‌టాప్‌ని కాస్త తన వైపుకి వంచుకున్నాడంతే. కుట్టుకునే సూది మొన రెండో బొమ్మలో కుర్చీ చేతి చివరకి వెళ్ళి ఆగింది.

"చిరిగింది."

"ఎక్కడ?"

"ఇక్కడ. నా వేలు లేదు."

గానుగకి అర్థంకాలేదు. ఆ చోటుని పెద్దది చేసింది. మొదటి బొమ్మలో కుర్చీ చేతి చివర, లోపలివైపు, బొటనవేలు ఆనేంత చోటు నున్నగా లేదు. మూడు చిన్న ఉలి గాట్లు, కాస్త గరుకు. రెండో బొమ్మలో అదే చోట పాలమీద మీగడలా ఒకటే నునుపు.

"అది నేను కావాలనే వదిలాను," అన్నాడు నాన్న. "కూర్చున్నవాళ్ళు ఊరికే ఉంటారా? వేలు ఏదో ఒకటి తడుముతూనే ఉంటుంది. ఆ తడిమేచోట చెక్క తగలాలి గానీ పాలిష్ తగిలితే ఏం లాభం? మొదటిసారి మీ అమ్మ కోసం చేసినప్పుడూ అలాగే వదిలాను. నీకు పాలిస్తూ మోచెయ్యి ఆనించుకోవడానికి ఒకవైపు చెయ్యి. నీ కాళ్ళు బయటికి తన్నుకోవడానికి రెండోవైపు ఖాళీ. నువ్వేమో తన్నేదానివి, అదేమో ఆ గరుకు తడుముకుంటూ కునికేది." సూదిలో దారం సర్దుకున్నాడు. "తర్వాత వాళ్ళు ఫ్యాక్టరీలో చేయించిన వాటికి ఇది లేదట. పాలిష్ సరిగా పట్టలేదనుకుని నున్నగా గీకేశారట."

అమ్మ ఇప్పుడు లేదు. కుర్చీ ఉంది, ఇంకొకడి పేరు మీద.

"ఆఫీసులో ఇరవైమంది చూశారు నాన్నా ఇలాంటి జంట బొమ్మలని. ఒక్కళ్ళకీ తెలియలేదు."

"ఎలా తెలుస్తుంది? చేసుంటే కదా!"

అని ఆయన మళ్ళీ చెప్పు కుట్టుకోవడంలో పడ్డాడు. గానుగ మాత్రం ఆ మెట్టు మీంచి కదల్లేదు. పిండేటప్పుడు మెషీను తనంతట తానే ఒక లెక్క వేసుకుంటుంది: ఈ నీడలో, ఈ మూల, ఎవరి కన్నూ పడదు, ఇక్కడ ఇస్త్రీ చేసేద్దాం అని. లోకంలో అందరి విషయంలో ఆ లెక్క కరెక్టే. ఒక్కడి విషయంలో తప్పు. చేసినవాడి విషయంలో.

"ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?"

"ఏం లేదు నాన్నా. రేపు ఆఫీసులో పరీక్ష ఉంది."

"నీకా?"

"నాకు కాదు."

*

సోమవారం పదకొండు గంటలు. మీటింగు గదిలో గోడంత టీవీ, పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఫ్యాక్టరీలో చేసిన ఒంటిచెయ్యి కుర్చీలు పది. అన్నీ నున్నగా, ఎక్కడ ముట్టుకున్నా వేలు జారిపోయేలా ఉన్నాయి. గానుగ వాటిలో కూర్చోదు. చేరినప్పట్నుంచీ గోడవారన ప్లాస్టిక్ స్టూలు ఒకటి వేసుకుంటుంది. నడుంనొప్పి అని చెప్పింది.

బల్ల తలాపున అమ్మగారు. కంపెనీ ఆవిడది. డెబ్బై దాటిన మనిషి, మాట తక్కువ, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతుంటుంది, పెట్టుకోగా చూసినవాళ్ళు లేరు. కుర్చీ గొడవ ఎప్పుడు ఎత్తినా ఆవిడది ఒకే మాట: "ఆ వడ్రంగి మొహం కూడా నేనెరగను. అంతా అల్లుడుగారే చూసుకున్నారు." ఆ మాట గానుగ ఈ మూడు నెలల్లో రెండుసార్లు చెవులారా విన్నది. అందుకే ఆమె పగ ఆవిడ దాకా వెళ్ళలేదు. అల్లుడి మాయలో పడ్డ అమాయకురాలు అనుకుంది.

ఆవిడకి కుడిపక్కన అల్లుడుగారు. ఇంట్లో అల్లుడు కాబట్టి ఆఫీసు మొత్తానికీ అల్లుడుగారే. మనిషి కూడా పాలిష్ పట్టినట్టుంటాడు: బుగ్గలు, బూట్లు, మాట, అన్నీ.

సైట్ చూసుకునే కుర్రాణ్ణి అందరూ స్పీడు అంటారు. సైట్ అంత నెమ్మది కాబట్టి ఆ పేరు. వాడే ముందు లేచాడు.

"మూడొందల తొంభైతొమ్మిది ఫొటోలు అయిపోయాయండీ. గానుగ పిండేసింది. ట్రయల్ వేసి చూశాను, రెండు సెకన్లలోపే తెరుచుకుంటోంది. సాయంత్రం ఐదింటికి పైకెక్కిస్తాం. ఆరింటికి పెద్ద ఆర్డరు ఇవ్వడానికొచ్చే హోటళ్ళవాళ్ళు చూస్తారు కదండీ, వాళ్ళు కళ్ళు మూసి తెరిచేలోపు మన సామానంతా వాళ్ళ ముందుంటుంది."

"ఆ ఒక్కటీ ఎందుకు ఆగింది?" అన్నారు అల్లుడుగారు.

గానుగ స్టూలు మీంచి లేచింది. గొంతులో బెల్లం కలుపుకుంది.

"ఒంటిచెయ్యి కుర్చీ అండీ. మిగతావంటే నేను చూసుకున్నాను. దీని మీద మాత్రం చేసినవారి కన్ను పడాలి కదా సార్. మా కంటికి ఆనని తేడా మీ కంటికి ఆనుతుంది. అందుకని మూడు బొమ్మలు సిద్ధం చేశాను. ఒకటి కొంచెం పిండింది, ఒకటి బాగా పిండింది, ఒకటి అసలు ముట్టుకోనిది. ఏది ఏదో నేను చెప్పను. మీరే చెప్పాలి."

"ఇదేంటి, నాకు పరీక్షా?"

"అయ్యో, మీకు పరీక్ష ఏంటి సార్? నా పనికి పరీక్ష."

అమ్మకాల వాళ్ళు నలుగురూ కుర్చీల్లో సర్దుకున్నారు. బాసుకి పరీక్ష అంటే నిద్రమొహాలు కూడా విచ్చుకుంటాయి.

అమ్మగారు నోరు తెరిచారు.

"ఏమ్మా గానుగా. నువ్వు గింజ పిండితే పిప్పి మిగులుతుంది. నువ్వు ఫొటో పిండితే పిప్పి ఎక్కడికి పోతుంది?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"కన్ను పట్టుకోలేనిదంతా పిప్పే అమ్మగారూ. వెలుగులో కాస్త తేడా వచ్చినా కన్ను ఇట్టే పట్టేస్తుంది. రంగులో చిన్న తేడాలు అంత పట్టదు. నీడల్లో గరుకూ గాట్లూ అయితే చూడనే చూడదు. కన్ను ఎక్కడ గుడ్డిదో కనిపెట్టి, అక్కడ తీసేస్తాం."

"కన్ను ఎక్కడ గుడ్డిదో," అని ఆవిడ తనలో తనే అనుకున్నట్టు అన్నారు.

టీవీ మీద మూడు కుర్చీలు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. ఒకే తెల్లగోడ, ఒకే నీడ. స్పీడు మెడ అటూ ఇటూ తిప్పి, "నాకైతే ముగ్గురూ కవలలే" అన్నాడు.

అల్లుడుగారు లేచి టీవీ ముందుకెళ్ళారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. నాలుగడుగులు వెనక్కీ ముందుకీ వేశారు. ఆ నడక చూస్తుంటే సంతలో ఎద్దు పళ్ళు చూడటం రానివాడు కూడా ఎద్దు చుట్టూ తిరుగుతాడే, అలా ఉంది.

"ఈ కుర్చీ ఎలా పుట్టిందో తెలుసా మీకు?" అన్నారు.

అందరికీ తెలుసు. ఏడాదికి నాలుగుసార్లు చెబుతారు. అయినా చెప్పారు. ఒక రోజు కిటికీలో ఒంటిరెక్క పిట్ట వాలిందట. ఎగరలేక ఎగరలేక ఎగిరిందట. ఆ క్షణాన చెయ్యి తనంతట అదే కాగితం మీద గీత గీసిందట.

గానుగ తన కాళ్ళ వైపు చూసుకుంది. పిట్ట కాదురా, పసిపిల్ల కాళ్ళు. ఈ కాళ్ళే. పంటి కింద ఆ మాటని రాయిలా నొక్కిపట్టింది.

"ఇదిగో," అల్లుడుగారి వేలు రెండో బొమ్మ మీద పడింది. "ఇదీ అసలు. చూడండి, ఎంత నున్నగా ఉందో! అద్దం. నా చేతిపని నాకు తెలియదా?"

ఉరి తీసేముందు కూడా చివరి మాట అడుగుతారు. గానుగ అడిగింది.

"తొందరేం లేదు సార్. మరొక్కసారి చూడండి. చేతి చివర కూడా చూశారా, లోపలివైపు?"

"చూశాను. అందుకే చెబుతున్నా." ఆయన మూడో బొమ్మ దగ్గరికి జరిగి, కుర్చీ చేతి చివరని గోటితో టకటకా కొట్టారు. "నువ్వు బాగా పిండింది ఇదే. ఇక్కడ మచ్చ పడింది చూడు. గీతలు గీతలుగా, గజ్జి పట్టినట్టు. అమ్మాయ్, ఇంత చెడగొట్టి నాకు చూపిస్తావా?"

"అది మచ్చంటారా సార్?"

"మచ్చ కాక ముత్యమా? నేను చేసిన కుర్చీకి మచ్చుంటుందా?"

గదిలో పది మంది ఉన్నారు. పది మందీ విన్నారు. నాన్న వేలిని, అమ్మ నిద్రలో తడుముకున్న చోటుని, గజ్జి అన్నాడు. గానుగకి కోపం రావాల్సింది. రాలేదు. ఎరని చేప కొరికినప్పుడు గాలం పట్టినవాడికి కోపం వస్తుందా?

"సార్, మూడోదే అసలుదండీ. ముట్టుకోనిది. తొమ్మిది ఎంబీలు."

గానుగ రెండో బొమ్మ వైపు చెయ్యి చూపించింది.

"మీరు చూపించిన రెండోది నేను బాగా పిండినది. రెండొందల కేబీలు కూడా లేదు."

స్పీడుకి దగ్గొచ్చింది. దగ్గు కాదని అందరికీ తెలుసు. అమ్మకాల వాళ్ళలో ఒకావిడ కిందపడని పెన్ను కోసం బల్ల కిందికి వంగింది.

"ఏం అల్లుడుగారూ," అన్నారు అమ్మగారు నిదానంగా. "కన్నబిడ్డని సొంత తండ్రే గుర్తుపట్టలేకపోతే ఎలాగండీ? ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు?"

ఈసారి దగ్గు ఒక్క స్పీడుకే రాలేదు.

అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ పాలిష్ పట్టినవాళ్ళతో వచ్చిన బాధ ఇదే, ఎన్ని నీళ్ళు పోసినా జారిపోతాయి. రెండు క్షణాల్లో నవ్వు మొహాన అతికించేసుకున్నారు.

"అదే కదండీ గొప్ప! నన్నే బోల్తా కొట్టించిందంటే అమ్మాయి పని ఎంత బాగుందో చూడండి. అసలుకంటే బాగుంది. పాత ఫొటోలోనే ఏదో మచ్చ ఉన్నట్టుంది, అదీ పోయింది. సాయంత్రం రెండోదే పెట్టు. ఆ మచ్చదాన్ని తుడిచెయ్. ఇప్పుడే. నా ముందే."

"అలాగే సార్. కుర్చీ ఫొటో మార్చాలంటే ఒప్పుకున్నవాళ్ళ పేరు రాయాలి. మీరు పెట్టిన రూలే."

స్పీడు ట్యాబు అందించాడు. అల్లుడుగారు నిలబడే రాశారు. టీవీ మీద అక్షరం అక్షరం కనబడుతూ వచ్చింది: *ఇదే నా కుర్చీ అసలు రూపం. దీన్నే పెట్టండి.* కింద పేరు, తేదీ, టైము.

గానుగ మౌస్ మీద చెయ్యి వేసింది. తొమ్మిది ఎంబీల ఫొటో, మూడు ఉలిగాట్లూ స్పష్టంగా ఉన్నది, తెర మీద చివరిసారిగా నిలబడింది. తుడవనా అని కంప్యూటర్ అడిగింది. నాన్న సూది మొన ఆనిన చోటే చూస్తూ, వేలు నొక్కింది.

పోయింది.

అల్లుడుగారు చేతులు దులుపుకున్నారు. అది చూసి గానుగ మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది. ఎందుకంటే పాఠకులారా, మీకు ఒక సంగతి ఇంకా చెప్పలేదు. ఫొటో పిండే ముందు ఒక చిన్న గడి ఉంటుంది: లోపలి సరుకు పారెయ్యాలా అని. మూడొందల తొంభైతొమ్మిది ఫొటోలకి గానుగ ఆ గడిలో టిక్కు పెట్టింది. ఒక్కదానికి పెట్టలేదు. రెండో నంబరు బొమ్మకి.

ఏడు కేబీల బరువు ఎక్కువైంది, అంతే. పైకి చూస్తే నున్నటి కుర్చీ. కడుపులో మాత్రం గోరంత బొమ్మ క్షేమంగా ఉంది, చొక్కా చేతులు మడుచుకుని నాన్న నిలబడే ఉన్నాడు. అల్లుడు దాన్నే అసలన్నాడు, దాన్నే పెట్టమని రాసి పేరు పెట్టాడు. గానుగే అతికించి తెచ్చిందని ఇక అనలేడు. దొంగ తన చేత్తోనే దొంగ సొమ్ముని సంత నడిమధ్యలో పెట్టి, ఇది నాదే అని దండోరా వేయించాడు.

ఐదింటికి సైట్ పైకెక్కుతుంది. ఆరింటికి హోటళ్ళవాళ్ళు ఇదే గదిలో కూర్చుంటారు. అప్పుడు లేచి నిలబడి, "సార్, మీ కుర్చీ కడుపులో ఎవరున్నారో ఒకసారి చూద్దామా?" అని అడగాలి. ఎనిమిదేళ్ళు ఓపిక పట్టింది. ఇక ఏడు గంటలు.

"సరే, అందరూ వెళ్ళి పనులు చూసుకోండి," అన్నారు అమ్మగారు. "గానుగా, నువ్వుండు."

కుర్చీలు జరిగాయి. అల్లుడుగారు గుమ్మం దగ్గర ఆగి, "నేనుండనా అత్తయ్యగారూ?" అన్నారు.

"మీరెందుకండీ? మీ పరీక్ష అయిపోయిందిగా."

తలుపు మూసుకుంది. అమ్మగారు లేచి వెళ్ళి గడియ కూడా పెట్టారు. ఆవిడ గడియ పెట్టడం గానుగ ఎప్పుడూ చూడలేదు.

టీవీ మీద రెండో బొమ్మ ఒక్కటే మిగిలి ఉంది. అమ్మగారు దాని ముందుకొచ్చి నిలబడ్డారు. మెళ్ళో వేలాడే కళ్ళజోడు జోలికే వెళ్ళలేదు. కాసేపు అలా చూస్తూ, కుడిచేతి బొటనవేలు ఎత్తారు. వెతుక్కోలేదు, తడుముకోలేదు. ఎన్నో ఏళ్ళుగా రోజూ ఆనించే చోటులాగా, తిన్నగా తీసుకెళ్ళి కుర్చీ చేతి చివర, లోపలివైపు ఆనించారు.

ఆ వడ్రంగి మొహం కూడా నేనెరగను అన్న మనిషి ఈవిడే.

"పనితనం బాగుంది," అన్నారు అమ్మగారు, వేలు తియ్యకుండానే. "అంతా పిండావు. కానీ ఇక్కడ ఉండాల్సిన మీ నాన్న వేలు ఏదమ్మా?"